రెండో బౌట్‌లోనే ఓడిపోతోంది, అకాడమీలో చేర్చాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా పాప పదో తరగతి పూర్తి చేసింది. ఆరేళ్లుగా తైక్వాండో నేర్చుకుంటోంది. జిల్లాలో మెడల్స్ వచ్చాయి గానీ రాష్ట్రస్థాయికి వెళ్లిన మూడుసార్లూ రెండో బౌట్‌లోనే, అంటే రెండో ఫైట్‌లోనే ఓడిపోయింది. ఫైట్‌లో టెక్నిక్ చాలడం లేదంటున్నారు. హైదరాబాద్‌లో ఇంటర్‌తో పాటు కోచింగ్ కూడా ఇచ్చే రెసిడెన్షియల్ అకాడమీలో చేర్చమని, స్పోర్ట్స్ కోటాలో సీటూ ఉద్యోగమూ వస్తాయని తెలిసినవాళ్లు చెబుతున్నారు. లేదంటే ఆట మాన్పించి విజయవాడలో ఎంపీసీ హాస్టల్లో వేసేద్దామా? 49 కిలోల కేటగిరీ బదులు 46లో ఆడితే గెలుస్తుందేమోనని అన్నం, నీళ్లు తగ్గించి బరువు కూడా తగ్గిస్తున్నాం. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. మూడు ఫైట్ల వీడియోలు పంపుతున్నాను.

జవాబు: వేసవి వచ్చిందంటే నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయండి. ఒకరిది షటిల్, ఒకరిది చెస్, ఒకరిది కూచిపూడి. అందరూ అడగకుండా అడిగేది ఒకటే: ఇన్నేళ్లు పెట్టిన డబ్బూ, తిరిగిన తిరుగుడూ వృథా అయిపోతాయా అని. కావండి. పదహారేళ్ల పిల్ల రాష్ట్రస్థాయిలో మొదటి బౌట్ మూడుసార్లు గెలిచింది. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. రెండో బౌట్ గురించే రాశారు.

వీడియోలు నేనొక్కణ్ణే చూడలేదు. ఈ ఆట నేర్పే మాస్టారొకరిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. పాప కిక్ బాగుంది. మోకాలు లేచే తీరు, నడుము తిరిగే తీరు ఆయన మెచ్చుకున్నారు. ఇబ్బందంతా కిక్ అయిపోయాక వస్తోంది. వెనక కాలితో రౌండ్‌హౌస్ (నడుము తిప్పి పక్క నుంచి కొట్టే కిక్) కొట్టి, ఆ కాలు ముందుకు దించి, పాదాలు మ్యాట్‌కి అతుక్కుపోయినట్టు ఒక్క క్షణం అలాగే నిలబడిపోతోంది. చేతులు కిందికి జారిపోతున్నాయి. అవతలి అమ్మాయి సరిగ్గా ఆ క్షణం కోసమే కాచుకుని ఉంటోంది. రెండో వీడియోలో నాలుగుసార్లు అదే పక్క, అదే దెబ్బ. ఒంటికి తగిలే కిక్‌కి 2 పాయింట్లు కదా, మీ పాప రెండు సంపాదించి ఆ వెంటనే రెండు ఇచ్చేస్తోంది. దానికి తోడు వెనక్కి తగ్గి గీత దాటినప్పుడల్లా అవతలివాళ్లకు ఇంకో పాయింటు.

మీకు తెలిసిన సంగతితోనే చెబుతాను. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు, అదే గోదావరి దాటించే పడవ, ఎక్కేటప్పుడు ఏం చేస్తారు? అల వచ్చినప్పుడల్లా పంటుకీ రేవుకీ మధ్య ఖాళీ పెరుగుతుంది, తగ్గుతుంది. అలవాటున్నవాళ్లు ఖాళీ తగ్గుతున్నప్పుడు కాలు వేస్తారు, పెరుగుతున్నప్పుడు ఆగుతారు. కాలు పెట్టాక అక్కడే నిలబడరు, లోపలికైనా జరుగుతారు, వెనక్కైనా వస్తారు. ఫైట్‌లో దూరం అంటే అదే. మీ పాప ఖాళీ పెరుగుతున్నప్పుడు కూడా కాలు వేస్తోంది.

ఇది సరిదిద్దుకోవడానికి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఇప్పుడు నేర్పుతున్న మాస్టారితోనే మాట్లాడండి. వారంలో రెండు రోజులు ముందు కాలు మాత్రమే వాడాలని నియమం పెట్టుకుని స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా ఆడే ప్రాక్టీస్) చేయించమనండి. ముందు కాలు దగ్గరగా ఉంటుంది కాబట్టి త్వరగా తగులుతుంది, మీదికి వచ్చేవాళ్లను కట్ కిక్‌తో, అంటే మోకాలు లేపి అడ్డంపెట్టి ఆపుతుంది, ఒంటి బరువు వెనకే ఉండిపోతుంది. ప్రతి కిక్ తర్వాత పక్కకి ఒక అడుగు పడేదాకా ఆ కిక్‌ని లెక్కలోకి తీసుకోవద్దనండి. కొట్టినట్టు మోకాలు లేపి ఆగిపోవడం, అవతలివాళ్లు కదిలాక కొట్టడం నేర్పమనండి. నాలుగు పాయింట్లు వెనకబడి, ముప్ఫై సెకన్లే మిగిలాయనుకుని ఆడించడం కూడా మంచిది. కాలవ గట్టు మీద రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తిస్తున్నామని రాశారు. ఒంటికి మంచిదే, కానీ ఈ ఆట రెండు నిమిషాల రౌండు, ఒక నిమిషం విశ్రాంతి. ఆ గట్టు మీదే వారంలో రెండు రోజులు ఈ కొబ్బరి చెట్టు నుంచి ఆ కొబ్బరి చెట్టు దాకా గట్టి పరుగు, వెనక్కి నడక పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం ఎదురు ఆడేవాళ్లు మారడం. ఆరేళ్లుగా ఆ నలుగురైదుగురు పిల్లలతోనే ఆడుతోంది. వాళ్లు ఎప్పుడు ఏం కొడతారో ముందే తెలుసు. రెండో బౌట్‌లో తెలియని పిల్ల ఎదురయ్యేసరికి కాళ్లు ఆడటం లేదు. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, ఇంకాస్త వెళితే భీమవరం. ఇటు అమలాపురం ఉంది. ఆదివారాల్లో వేరే క్లబ్బుకు తీసుకెళ్లి, పొడుగువాళ్లతో, ఎడమ కాలు వెనక పెట్టి ఆడేవాళ్లతో, మగపిల్లలతో ఆడించండి. బస్సు ఛార్జీలతో అయ్యే పని ఇది.

ఇక మీకు కోపం వచ్చినా సరే, ఒక మాట చెప్పాలి. మూడు వీడియోల్లోనూ మీ గొంతు వినిపిస్తోంది. "కొట్టవే, కొట్టు! ఏం చూస్తున్నావ్!" అని. మేం వెనక్కి తిప్పి తిప్పి చూశాం. మీరు అరిచిన వెంటనే పాప లోపలికి దూకుతోంది. చూపు అవతలి అమ్మాయి మీద ఉంది, చెవి మీ మీద ఉంది. పాప ఎప్పుడు కొట్టబోతోందో అవతలి అమ్మాయికి కూడా మీ అరుపు వల్ల ముందే తెలిసిపోతోంది. టెక్నిక్ చాలడం లేదంటున్నారు కదా, ఆ టెక్నిక్‌ని సగం పాడుచేస్తున్నది మీరేనండి.

బరువు సంగతి ఇంకా బాధ కలిగించింది. ఎదిగే వయసు పిల్ల చేత అన్నం మాన్పించి, ఫైట్ ముందు మంచినీళ్లు కూడా లెక్కపెట్టి తాగిస్తారా? నీళ్లు తగ్గితే ముందు దెబ్బతినేది చూపూ కాళ్ల వేగమూ. మూడో వీడియోలో రెండో రౌండు కల్లా నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తోంది, చూడలేదా? ఆడపిల్ల ఇలా కడుపు మాడ్చుకుంటే నెలసరి కూడా గతి తప్పుతుంది. వాళ్ల అమ్మగారిని అడగండి, మీకు చెప్పి ఉండరు. ఈరోజు నుంచే ఆపేయండి. 49లో ఆడనివ్వండి, ఎదిగితే 52లో ఆడుతుంది.

అకాడమీ గురించి నా అనుమానాలు దాచుకోను. అన్నీ చెడ్డవని అనను. కానీ ఈ నాలుగైదేళ్లలో ఇంటర్ ప్లస్ స్పోర్ట్స్ అని బోర్డు కట్టిన చోట్ల చేరి, రెండేళ్ల తర్వాత అటు ఆటా ఇటు చదువూ లేక నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని చూశాను. మీరు ఉత్తరంలో అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ పేరు కూడా రాశారు. బ్యాడ్మింటన్‌కి హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీ ఉంది, అక్కడి నుంచి ఎవరెవరు వచ్చారో లోకమంతటికీ తెలుసు. తైక్వాండో 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకాల ఆట, అయినా మన దేశానికి అందులో ఇంతవరకు ఒక్క పతకమూ రాలేదు. పిల్లల్ని నిరుత్సాహపరచాలని అనడం లేదు. లక్షల ఫీజు అడిగేవాళ్లు ఏ దారి చూపించి అడుగుతున్నారో మీరు అడగాలి కదా. మీ పాప బరువున్న ఆడపిల్లలు అక్కడ ఎంతమంది ఉన్నారు? ఒక్క కోచ్ కింద ఎంతమంది? చదువు కాలేజీలోనా, పేరు మాత్రం ఒకచోట కట్టి ఇంకోచోట కూర్చోబెడతారా? ఒక రోజు చెప్పకుండా వెళ్లి సాయంత్రం ప్రాక్టీస్ చూసి రండి. చూడనివ్వకపోతే అదే మీకు జవాబు.

కోటా మాట కూడా అంతే. ఈ ఆటలో సంఘాల మధ్య గొడవలు ఏళ్ల తరబడి కోర్టుల దాకా వెళ్లాయి. గోడకు తగిలించిన ప్రతి సర్టిఫికెట్టూ కోటాకి పనికిరాదు. ఎవరు నిర్వహించిన పోటీకి, ఏ స్థాయికి విలువ ఇస్తారో ఆ ఏటి నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. అది చదివి, పాప దగ్గరున్న కాగితాలు పక్కన పెట్టి చూడండి. స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్లు విడిగా దాచండి. కోటా సీట్లు చాలా కొద్ది. వస్తే మంచిది, దాని మీదే ఇల్లు కట్టుకోవద్దు.

పోల్చి చెప్పమన్నారు. విజయవాడ హాస్టల్లో ఆట ఆగిపోతుంది, హైదరాబాద్‌లో చదువు నలిగిపోతుంది. అంతకంటే పెద్ద పోలిక నాకు కనిపించలేదు. మూడో దారి ఉంది: అమలాపురంలోనో పాలకొల్లులోనో రోజూ వెళ్లి వచ్చే కాలేజీలో ఇంటర్, సాయంత్రం ప్రాక్టీస్. గ్రూపు తననే ఎంచుకోనివ్వండి. రేపు తనే నేర్పాలనుకుంటే డిగ్రీ తర్వాత వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు బీపీఈడీ ఉంది. వద్దనుకుంటే ఈ ఆరేళ్లలో వచ్చిన ధైర్యం ఎటూ పోదు. 2022 నుంచి ఈ ఆటలో మూడు రౌండ్లలో రెండు గెలిచినవాళ్లదే బౌట్, ఒక రౌండు పోయినా తర్వాతిది సున్నా నుంచే మొదలవుతుంది. ఈ మాట పాపకి మీ నోటితో చెప్పండి. మీరు చెబితే నమ్ముతుంది.

వచ్చే ఫైట్‌కి ఫోన్ వాళ్ల అమ్మగారి చేతికిచ్చి, మీరు గ్యాలరీలో చివరి వరుసలో కూర్చోండి. ఆ వీడియో నాకు పంపండి. అందులో మీ గొంతు వినిపించకూడదు.