డ్రమ్స్ వెనక కూర్చున్నవాడి పాటలు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే దారిలో వచ్చాయి: డ్రమ్స్ వాయించేవాళ్లు, వాళ్లు రాసే పాటలు. అందుకే సినిమా ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం వీటికే ఇస్తున్నాను.

నేను ఓ ఇండీ బ్యాండ్‌లో (పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు చేసుకునే బ్యాండ్) డ్రమ్స్ వాయిస్తాను. సొంతంగా పాటలు కూడా రాసుకుంటున్నాను కానీ బ్యాండ్‌లో వినిపిస్తే "నువ్వు బీట్ చూసుకో చాలు" అంటారు. బ్యాండ్ వదిలేసి నా పేరు మీద పాటలు చేయాలా? ఇలా డ్రమ్మర్‌గా ఉంటూ పాటల రచయితగా నిలబడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

ఉన్నారు. మీ ఉత్తరం చదువుతుంటేనే నాకు జోష్ టిల్‌మన్ గుర్తొచ్చాడు. ఫాదర్ జాన్ మిస్టీ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 1981లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో పుట్టాడు. ఇంట్లో మతనిష్ఠ ఎంతంటే దేవుడి ప్రస్తావన లేని పాట వినడానికి వీల్లేదు. ముందు డ్రమ్స్, 12 ఏళ్ల వయసులో గిటార్ నేర్చుకున్నాడు. 21 ఏళ్లకు సియాటెల్ చేరి, తెల్లవారుజామున బేకరీలో పనిచేస్తూ మిగతా టైంలో పాటలు రికార్డు చేసుకునేవాడు. అవి డేమియన్ జురాడో అనే గాయకుడి చేతికి చేరాయి, ఆయన కచేరీలకు ముందు పాడే అవకాశం దొరికింది.

మీరు బాగా గమనించాల్సింది ఇదే: అతను ముందు డ్రమ్మర్‌గా పేరు తెచ్చుకుని తర్వాత పాటలు మొదలుపెట్టలేదు. 2008లో ఫ్లీట్ ఫాక్సెస్ బ్యాండ్‌లో డ్రమ్స్ ముందు కూర్చునేటప్పటికే జె. టిల్‌మన్ అనే పేరుతో సొంత ఆల్బమ్‌లు ఉన్నాయి, బ్యాండ్‌లో ఉన్నప్పుడూ 2009లో రెండు, 2010లో ఒకటి తెచ్చాడు. ఒకపక్క వేలమంది ముందు డ్రమ్స్ వాయిస్తూ హార్మనీలు (ముఖ్య గాయకుడికి తోడుగా వేరే స్వరంలో) పాడటం, ఇంకోపక్క చిన్న హాల్లో గిటార్ పట్టుకుని ఒంటరిగా పాడటం, రెండూ నడిచాయి. 2012 జనవరిలో టోక్యోలో చివరి షో వాయించి, మళ్లీ ఎవరికీ తెలియని చోటికి పోతున్నానన్న అర్థం వచ్చేలా నాలుగు ముక్కలు రాసి బయటికొచ్చాడు. ఆ వసంతంలోనే, సబ్ పాప్ అనే రికార్డు కంపెనీ ద్వారా, ఫాదర్ జాన్ మిస్టీ పేరుతో 'ఫియర్ ఫన్' ఆల్బమ్ వచ్చింది. అంటే వదిలేసిన రోజుకే పాటలు చేతిలో ఉన్నాయి. మీరు కూడా ముందు రికార్డు చేయండి, వదలడం సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

ఇంకో సంగతి నాకు ఇంతకంటే ముఖ్యమనిపిస్తుంది. పాత పేరుతో చేసిన ఏడెనిమిది ఆల్బమ్‌లు నెమ్మదిగా, దిగులుగా, ఒకే మూడ్‌లో సాగుతాయి. బాగుంటాయి, కానీ ఎక్కువమందిని పట్టలేదు. షోలలో మాత్రం పాటకీ పాటకీ మధ్య అతను సరదాగా మాట్లాడే మాటలకు జనం ముందుకు వంగి వినేవాళ్లు, పాట మొదలవగానే మళ్లీ చల్లబడిపోయేవాళ్లు. ఇది అతనే చాలాచోట్ల చెప్పుకున్నాడు. చివరికి ఓ వ్యాన్ వేసుకుని సియాటెల్ నుంచి దక్షిణంగా తీరం వెంబడి బయల్దేరి, దారిలో నవల లాంటిది రాస్తూ రాస్తూ తన అసలు గొంతు దొరికించుకున్నాడు. లాస్ ఏంజెలెస్‌లో లారెల్ కాన్యన్ అనే కొండప్రాంతంలో దిగి, జొనాథన్ విల్సన్ అనే సంగీత నిర్మాతతో కలిసి ఆ మాట్లాడే మనిషినే పాటలోకి తెచ్చాడు. హాస్యం, కోపం, చదువు, భయం అన్నీ వచ్చేశాయి. పేరు మారడం పైకి కనిపించేది మాత్రమే, పని జరిగింది మాటలో.

కాబట్టి ఈ పరీక్ష చేసుకోండి. మీ పాట దేని గురించో ఓ ఫ్రెండ్‌కి ఫోన్‌లో చెబుతూ దాన్ని రికార్డు చేయండి, తర్వాత పాట వినండి. ఫోన్‌లో మాట్లాడిన మనిషి పాటలో కనిపిస్తున్నాడా? తెలుగులో ఇండీ పాటలు రాసే చాలామంది దగ్గర నాకు కనిపించే ఇబ్బంది ఇక్కడే ఉంది. మాట్లాడితే కూకట్‌పల్లి, రాస్తే వెన్నెల, కన్నీరు, ప్రాణం, మౌనం. ఆ మాటలు చెడ్డవని కాదు, అవి మీరు రోజూ వాడేవి కావు. మీ రూమ్ అద్దె, బస్సులో నిద్ర, ఊరి నుంచి వచ్చే ఫోన్, అవన్నీ పాటలోకి రానివ్వండి. బ్యాండ్‌వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి, వాళ్ల మీద కోపంతో మాత్రం వదలకండి.

బ్యాండ్‌లో పాట తయారైనప్పుడు డ్రమ్మర్‌కి రచయితగా వాటా ఉంటుందా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

ముందే మాట్లాడుకుంటే ఉంటుంది, లేకపోతే సాధారణంగా ఉండదు. ఫ్లీట్ ఫాక్సెస్ సంగతే చూడండి, ఆ పాటలు రాసేది బ్యాండ్ గాయకుడు రాబిన్ పెక్‌నోల్డ్. మొదటి ఆల్బమ్ రికార్డింగ్ అయ్యాకే టిల్‌మన్ చేరాడు, 2011 నాటి 'హెల్ప్‌లెస్‌నెస్ బ్లూస్'లో వాయించాడు, పాడాడు. బయట మాత్రం రచయితగా పేరు పడింది. 2016లో బియాన్సే పాడిన 'హోల్డ్ అప్' రాసినవాళ్లలో అతనొకడు, అదే ఏడాది లేడీ గాగా 'జోఆన్' ఆల్బమ్‌లోనూ ఉన్నాడు.

మన దగ్గరా లెక్క ఇలాంటిదే. సాహిత్యం రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు రచయితలు. బాణీకి తగ్గ బీట్ వాయించడం, అది ఎంత గొప్పగా ఉన్నా, ఆ లెక్కలోకి తేలిగ్గా రాదు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక సినిమా పాటలకైనా, విడి పాటలకైనా రచయిత, స్వరకర్త పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీ డబ్బులో తమ వాటాను పూర్తిగా వదులుకునేలా రాయించుకోవడం కుదరదు. ఆ డబ్బు వసూలు చేసే సంస్థ ఐపీఆర్ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), 1969 నుంచీ ఉంది. మీ పాటలు ఎక్కడైనా విడుదలవుతుంటే అందులో సభ్యత్వం తీసుకోవడం మంచిది. బ్యాండ్‌లో అయితే రిహార్సల్ గదిలో పాట పూర్తయిన రోజే ఎవరికెంత అన్నది ఓ మెసేజ్‌లో రాసి అందరితో ఓకే అనిపించుకోండి. స్నేహితుల మధ్య ఇది ఇబ్బందిగానే ఉంటుంది, కానీ పాట హిట్టయ్యాక మాట్లాడటం ఇంకా కష్టం.

ఫాదర్ జాన్ మిస్టీ ఆల్బమ్‌లు ఏ వరసలో వినాలి? ఓ పాట విన్నాను, మాటలు ఎక్కువ అనిపించింది.
– ఓ పాఠకురాలు, డల్లాస్

మాటలు ఎక్కువే, నాకు నచ్చేది అందుకే! మీరు 2015 నాటి 'ఐ లవ్ యూ, హనీబేర్'తో మొదలుపెట్టండి. తన పెళ్లి గురించి, ప్రేమలో పడినప్పుడు మనిషి ఎంత చికాకుగా, అసూయగా, పిరికిగా ఉంటాడో దాచకుండా చెప్పిన పాటలు, పైన వయొలిన్లు తియ్యగా మోగుతుంటాయి. తర్వాత 2018లో వచ్చిన 'గాడ్స్ ఫేవరెట్ కస్టమర్'. మనసు బాగోలేక హోటల్ గదిలో గడిపిన రోజుల్లోంచి వచ్చిన ఆల్బమ్ ఇది. అందులో ఓ పాట మొత్తం హోటల్ రిసెప్షన్‌లో ఉన్న మనిషి మర్యాదగా ఇతనితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. తన బాధను తను చెప్పుకోకుండా, ఎదుటివాళ్ల మర్యాద మాటల్లోంచి మనకు తెలిసేలా చేశాడు. పాటలు రాసేవాళ్లు దీన్ని నాలుగుసార్లు వినాలి.

2017 నాటి 'ప్యూర్ కామెడీ' చివరికి ఉంచుకోండి, బరువైనది. అందులో 'లీవింగ్ ఎల్ఏ' 13 నిమిషాల పాట, పల్లవి లేదు, చరణాలు మాత్రమే. చిన్నప్పుడు అమ్మతో దుకాణానికి వెళ్లినప్పుడు గొంతులో ఏదో అడ్డుపడి ఊపిరాడకపోవడం, అప్పుడే అక్కడ ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే బ్యాండ్ పాట మోగుతుండటం ఓ చరణంలో వస్తుంది. నేను అతని పాటల్లో ఒక్కటే ఉంచుకోవాలంటే అదే ఉంచుకుంటాను.

'మహాశ్మశాన' అనే ఆల్బమ్ కూడా ఇతనిదేనా?
– ఓ పాఠకుడు, తిరుపతి

ఇతనిదే. 2024 నవంబర్‌లో వచ్చింది, పేరు మన సంస్కృత పదమే. మొదటి పాటే తొమ్మిది నిమిషాలు దాటుతుంది.

డ్రమ్స్ నుంచి సొంత పాటల వైపు వెళ్లినవాళ్లు ఇంకెవరున్నారు?
– ఓ పాఠకుడు, కరీంనగర్

అందరికీ తెలిసినవాడు డేవ్ గ్రోల్. నిర్వాణ అనే రాక్ బ్యాండ్‌లో డ్రమ్మర్, 1994లో ఆ బ్యాండ్ ముగిసిపోయాక స్టూడియోకెళ్లి దాదాపు అన్ని వాయిద్యాలూ తనే వాయించుకుని, ఫూ ఫైటర్స్ అనే తన కొత్త బ్యాండ్ పేరుతో మొదటి ఆల్బమ్ రికార్డు చేశాడు. కానీ నేను ఎక్కువగా చెప్పాలనుకునే పేరు గ్రాంట్ హార్ట్. అమెరికాలోని మిన్నెసోటాలో 1979లో మొదలైన హస్కర్ డూ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తూ పాడుతూ, గిటారిస్ట్ బాబ్ మోల్డ్‌తో పాటు తనూ పాటలు రాశాడు. బ్యాండ్ విడిపోయాక 1989లో 'ఇన్‌టాలరెన్స్' అనే సొంత ఆల్బమ్, 2013లో ఆంగ్ల కవి మిల్టన్ 'ప్యారడైజ్ లాస్ట్' కథ ఆధారంగా 'ది ఆర్గ్యుమెంట్'. 2017లో చనిపోయాడు. రావాల్సినంత పేరు రాలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. డ్రమ్సే జీవితం అంటున్నాడు. ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, గుంటూరు

అమ్మా, మీ భయం అర్థమవుతుంది. టిల్‌మన్ కూడా కాలేజీ మధ్యలోనే వదిలేశాడు, తర్వాత బేకరీలోనూ బయటా దొరికిన పని చేసుకుంటూ ఏళ్లు గడిపాడు. అది అందరూ పడగలిగే కష్టం కాదు. ఈ ఏడు పోతే చదువు ఇంకో ఏడాదే ఉంది కాబట్టి పూర్తి చేయమని అడగండి, బదులుగా డ్రమ్స్ మానమని మాత్రం అడగకండి. ఆ ఏడాదిలో కనీసం నాలుగు పాటలకు వాయించి రికార్డు చేసి మీకు వినిపించమనండి. నిజంగా ఇష్టమున్న పిల్లాడైతే వినిపిస్తాడు. అపార్ట్‌మెంట్‌లో సౌండ్ గొడవైతే రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ కొనివ్వండి, పూర్తి సెట్ ధరతో పోలిస్తే చాలా తక్కువ, కింది ఇంటివాళ్లూ ఏమీ అనరు.