మూడో డోసు వేయించుకున్నావా? కొత్త ఫైర్‌మన్‌కు మామయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు శిక్షణ ముగించుకుని స్టేషన్‌లో చేరావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. వాడికి నాలుగు మంచి మాటలు రాయి అన్నయ్యా, మంటల దగ్గర జాగ్రత్తగా ఉండమను అని మరీ మరీ చెప్పింది. మంటల సంగతి శిక్షణలో చెప్పే ఉంటారు. ఇక ముందు మీ లీడింగ్ ఫైర్‌మన్ చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెబుతాడు. ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. అది రాయడానికే కూర్చున్నాను.

హెపటైటిస్-బి టీకా వేయించుకున్నావా? వేయించుకుంటే మూడు డోసులూ పూర్తయ్యాయా?

మంటలార్పేవాడికి కాలేయం జబ్బుతో పనేమిటి, అది ఆసుపత్రి వాళ్ల గొడవ కదా అనుకుంటావు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాఖ పేరు ఒకసారి సరిగ్గా చదువు. విపత్తు స్పందన ముందుంటుంది, అగ్నిమాపకం ఆ వెనక వస్తుంది. నీ స్టేషన్ హైవే పక్కనే ఉందని విన్నాను. కాబట్టి లారీ కింద నుజ్జయిన కారులోంచి మనిషిని తీయడం, బావిలో పడ్డవాణ్ణి పైకి లాగడం, కూలిన గోడ కింద వెతకడం నీకు తప్పని పనులు.

కారు తలుపును స్ప్రెడర్‌తో, అంటే ఇనుమును విడదీసే యంత్రంతో విప్పుతావు. లోపలి మనిషి కాలు డ్యాష్‌బోర్డు కింద చిక్కుకుని ఉంటుంది. ఒక చెయ్యి అతని చంక కిందికి పోనిచ్చి, ఇంకో చెయ్యి సీటు వెనక్కి దూర్చి లాగుతావు. సీటు వెనక చిరిగిన రేకు అంచు ఉంటుంది, అద్దం పెంకులు ఉంటాయి, అవి నీకు కనిపించవు. తోలు గ్లవ్స్ ఉన్నాయి కదా అని ధైర్యం. ఆ తోలు నెత్తుటిని పీల్చుకుంటుంది. కాసేపటికి లోపల వేళ్లు తడితడిగా తగులుతాయి, చెమట అనుకుంటావు. హోసులు చుట్టీ చుట్టీ, కప్లింగులు బిగించీ మన వేళ్ల కణుపుల దగ్గర చర్మం ఎప్పుడూ పగిలే ఉంటుంది. వైరస్‌కు ఆ పగులు చాలు. పని అయ్యాక జరిగేది మరీ అన్యాయం. 108 వెళ్లిపోయాక ఊళ్లోవాళ్లు ఎవరో పాపం టీ తెస్తారు. చేతులైనా కడుక్కోకుండా గ్లాసులు అందుకుంటారు మనవాళ్లు!

లెక్క కూడా తెలిసి ఉండాలి. టీకా లేనివాడికి హెపటైటిస్-బి ఉన్న మనిషి రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే, జబ్బు అంటుకునే అవకాశం నూటికి 6 నుంచి 30 దాకా ఉంటుంది. హెపటైటిస్-సి అయితే నూటికి 2 లోపే. అందరూ వణికిపోయే హెచ్ఐవీకి వెయ్యికి 3. మనవాళ్లు భయపడేది చివరిదానికి, అసలు భయపడవలసింది మొదటిదానికి. పైగా హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట, ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. సోమవారం వాడిన కట్టర్ పిడి మీద చారికను శుక్రవారం నువ్వు గోటితో గీకుతూ ఉంటావు, అదీ సంగతి.

అలాగని ఈ ఉద్యోగంలో చేరినవాడికల్లా ఈ జబ్బు వస్తుందని కాదు. అమెరికాలో ఫైర్‌మన్లకు హెపటైటిస్-సి విపరీతంగా అంటుకుంటోందని ఒకప్పుడు పెద్ద ఆందోళన లేచింది, ముఖ్యంగా ఫిలడెల్ఫియాలో. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం కొన్నిచోట్ల జరిగిన రక్త పరీక్షల ఫలితాలు పరిశీలించి, మామూలు జనంలో కన్నా అగ్నిమాపక సిబ్బందిలో ఈ జబ్బు ఎక్కువేమీ లేదని 2000 సంవత్సరంలో తేల్చింది. ఇది చదివి నువ్వు గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవద్దు. ఆ లెక్క సి గురించి, బి గురించి కాదు. పైగా ఆ దేశంలో పనిలో రక్తం తగిలే అవకాశం ఉన్న ఉద్యోగులకు యజమానే ఉచితంగా హెపటైటిస్-బి టీకా ఇవ్వాలని 1991లోనే నిబంధన పెట్టారు. ఇక్కడ మాత్రం శాఖ ఎప్పుడు ఇస్తుందా అని ఎదురు చూస్తూ కూర్చోకు. ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే సొంత డబ్బుతో వేయించుకో.

ఆ డబ్బు కూడా ఇప్పుడు పెద్దదేమీ కాదు. ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచి రావాలి, డోసుకు వందల రూపాయలు పోయాలి. కానిస్టేబులూ ఫైర్‌మనూ ఆ ఊసే ఎత్తేవాళ్లు కాదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు, మన వరప్రసాద్ రెడ్డి గారు పెట్టిన కంపెనీ, దేశంలో మొదటిసారి దీన్ని సొంతంగా తయారుచేసి 50 రూపాయలకు బజారులో పెట్టారు. మన గడ్డ మీద పుట్టిన టీకాను మనవాడివి నువ్వే వేయించుకోకపోతే ఎలా? చిన్నప్పుడే వేసి ఉంటారులే అనుకోకు. నువ్వు పుట్టిన నాటికి ఇది ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు. ఆ తర్వాత కొన్నిచోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2011 నాటికి గానీ దేశమంతటికీ తేలేదు.

మొదటి డోసు వేసిన నెలకు రెండోది, మొదటిదాని నుంచి ఆరు నెలలకు మూడోది. అందరూ తప్పేది ఈ మూడోదాని దగ్గరే. మధ్యలో బదిలీలు, బందోబస్తులు, పండుగలు, తీరా చూస్తే కార్డు ఎక్కడో పోయి ఉంటుంది. ఆలస్యమైనా మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటి నుంచి పూర్తి చేస్తే చాలు. సూది భుజం కండకే వేయించుకో. పిరుదుకు వేస్తే టీకా సరిగ్గా పట్టకపోవచ్చు. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ అనే రక్త పరీక్ష చేయించుకో. ఫలితం 10 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే రక్షణ వచ్చినట్టే. తక్కువ వస్తే మళ్లీ మూడు డోసులు వేయించుకోవాలి. అప్పటికీ రాకపోతే ఆ సంగతి తెలిసి ఉండటమే నీకు రక్ష, ఎందుకంటే గాయమైన రోజు డాక్టర్ చేసే వైద్యం దాన్ని బట్టే ఉంటుంది. పొగతాగేవాళ్లకూ, లావుగా ఉన్నవాళ్లకూ, నలభై దాటినవాళ్లకూ టీకా కాస్త తక్కువగా పడుతుంది. నీకు ఇందులో మొదటిది వర్తిస్తుందని మీ అమ్మకు తెలియదు, నాకు తెలుసు.

ఇక పని దగ్గర. తోలు గ్లవ్స్ లోపల నైట్రైల్ గ్లవ్స్, అదే డాక్టర్లు వేసుకునే పల్చటివి, ఒక జత వేసుకో. మందుల షాపులో డబ్బాల్లో దొరుకుతాయి. పదిమందీ నవ్వుతారు, నవ్వనీ. కళ్లద్దాలో హెల్మెట్ అద్దమో కళ్ల మీద ఉండాలి, రక్తం చింది కంట్లో పడినా ప్రమాదమే. డ్యూటీ ఎక్కే ముందు చేతులు ఒకసారి తిప్పి చూసుకుని, పగుళ్లుంటే ప్లాస్టర్ వేసుకో. గ్లవ్స్ విప్పేటప్పుడు లోపలి వైపు బయటికి వచ్చేలా విప్పి, వెంటనే సబ్బుతో చేతులు కడుక్కో. ట్యాంకు నిండా నీళ్లు పెట్టుకుని తిరుగుతాం, చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేవంటే ఎవరు నమ్ముతారు?

పనిముట్ల మీద రక్తం ఉంటే లీటరు నీళ్లకు 30 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, కాసేపు తడిగా ఉంచి, తర్వాత మంచి నీళ్లతో బాగా కడిగి తుడవాలి. లేకపోతే ఇనుము తుప్పు పడుతుంది. మూత తెరిచి నెలల తరబడి వదిలేసిన పౌడర్‌లో వాసన తప్ప పస ఉండదు. ఫైర్ సూట్‌కు మాత్రం బ్లీచింగ్ తగలనివ్వకు, ఆ బట్ట పాడైపోతుంది. రక్తం మరకల యూనిఫాం ఇంటికి తెచ్చి మీ అమ్మ చేత ఉతికించకు.

స్టేషన్ బాత్రూంలో ఒకే రేజరు నలుగురు వాడే అలవాటు ఇంకా పోలేదని విన్నాను. గడ్డం గీసుకునేటప్పుడు పడే చిన్న కోత కూడా నెత్తురే. నీ రేజరు నీ పెట్టెలో ఉండాలి.

ఇంత చేసినా ఒకరోజు సూది గుచ్చుకోవచ్చు, అద్దం కోసుకోవచ్చు. గాయాన్ని నొక్కి రక్తం పిండకు, నోటితో పీల్చకు, దాని మీద బ్లీచింగో స్పిరిటో పొయ్యకు. పారే నీళ్ల కింద సబ్బుతో కడుగు. కంట్లో పడితే పావుగంట సేపు మంచి నీళ్లు పోస్తూ ఉండు. తర్వాత డ్యూటీ అయ్యేదాకా ఆగకుండా అధికారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లు. హెచ్ఐవీ మందులు మొదటి రెండు గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. టీకా లేనివాడికి బి కోసం ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్, అంటే వెంటనే రక్షణ ఇచ్చే యాంటీబాడీల సూది, వీలైతే 24 గంటల్లోపు పడాలి. ఆ రోజే బి, సి, హెచ్ఐవీ పరీక్షలకు రక్తం ఇవ్వు. అప్పటికి నీ ఒంట్లో ఏ జబ్బూ లేదనడానికి అదే సాక్ష్యం. ఏ తేదీన, ఏ కాల్‌లో, ఎలా తగిలిందో స్టేషన్ రికార్డులో రాయించి, ఒక నకలు నీ దగ్గర ఉంచుకో. చిన్న గీతే కదా, పరువు పోతుందేమో అని దాచుకునేవాళ్లను చాలామందిని చూశాను. రేపు జబ్బు బయటపడితే అది డ్యూటీలో వచ్చిందని రుజువు చేయడానికి వాళ్ల దగ్గర కాగితం ముక్క ఉండదు. డాక్టర్ చెప్పిన తేదీల్లో ఆరు నెలల దాకా పరీక్షలు చేయించుకో. ఈలోగా నీకు పెళ్లి కుదిరితే అవి పూర్తయ్యేదాకా ఆగు, బి వైరస్ భార్యకూ, ఆమె నుంచి పుట్టే బిడ్డకూ సోకుతుంది.

సి మీద టీకా లేదు గానీ మందుంది. మూడు నెలల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. వీటిని వదిలేసి పచ్చకామెర్లంటే పసరు మందుకు పరుగెత్తడం, మణికట్టు మీద వాతలు పెట్టించుకోవడం మనవాళ్లకు అలవాటు. కొన్ని కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు వస్తుంది, అంతే.

వరదల్లో, మ్యాన్‌హోళ్ల దగ్గర పనిచేసేటప్పుడు వచ్చేవి ఎ, ఇ రకాలు. అవి కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా నోట్లోంచే వస్తాయి. మరిగించి చల్లార్చిన నీళ్ల సీసా వెంట పెట్టుకో, చేతులు కడుక్కోకుండా పులిహోర పొట్లం విప్పకు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఎవరికి జబ్బుందో చూసి తెలుసుకోలేం. 2022లో మన దేశంలో సుమారు 3 కోట్ల మందికి బి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, వాళ్లలో చాలామందికే ఆ సంగతి తెలియదు. తెల్లచొక్కా ఆయన దగ్గర గ్లవ్స్ లేకుండా, రోడ్డు పక్క బిచ్చగాడి దగ్గర రెండు జతలతో పనిచేయకు. ఎవరి రక్తమైనా ఒకే జాగ్రత్త. జబ్బు ఉందని తెలిసిన మనిషిని ముట్టుకోవడానికి వెనకాడావో, నువ్వు ఈ ఉద్యోగానికి పనికిరావు. మీ స్టేషన్‌లోనే ఎవరికైనా ఉంటే అతనితో కలిసి భోంచెయ్యి. కంచంతో, కౌగిలింతతో బి, సి అంటుకోవు.

ఈ నెలాఖరులోగా మొదటి డోసు వేయించుకుని కార్డు ఫొటో నాకు పంపు. పంపకపోతే మీ స్టేషన్ ఆఫీసర్‌కు నేనే ఫోను చేస్తాను. ఆయన ఫైర్‌మన్‌గా చేరింది నా దగ్గరే.

ఇట్లు,
మీ మామయ్య