సూర్యలంకలోనూ నిజాంపట్నంలోనూ సముద్ర జీవులను ఒకే పద్ధతిలో లెక్కించాలని ఎందుకంటారు?

పద్ధతి మారితే లెక్కే మారిపోతుంది, అప్పుడు తేడా సముద్రంలో ఉందో, జీవులను ఏరడానికి బురద కడిగే మన జల్లెడలో ఉందో ఎవరూ చెప్పలేరు. ఉన్న జీవులన్నిటినీ లెక్కపెట్టడం కుదరదు కదా, అందుకే కాస్త బురద, కాసిని నీళ్లు, ఒక వలలో పడ్డ చేపలు చూసి మిగతాది అంచనా కడతారు. ఏ నెలలో, ఎంత లోతులో, ఎంతసేపు వల లాగారన్న దాన్నిబట్టి ఆ అంచనా ఎటైనా పోతుంది.

గుంటూరు వాళ్లకు బాగా తెలిసిన ఈ రెండు చోట్లే తీసుకోండి. సూర్యలంకలో అడుగు బురదను 1 మిల్లీమీటరు జల్లెడలో, నిజాంపట్నంలో 0.5 మిల్లీమీటరు జల్లెడలో కడిగారనుకుందాం, రెండూ వాడుకలో ఉన్నవే. మొదటిదాంట్లో దారంలాంటి పురుగులు, పిల్ల గుల్లలు నీళ్లతోపాటు జారిపోతాయి, రెండోదాంట్లో చాలావరకు నిలుస్తాయి. నిజంగా తేడా లేకపోయినా రిపోర్టులో నిజాంపట్నమే గెలుస్తుంది!

ప్రామాణిక పద్ధతి అంటే అందరూ ఒకే ఖరీదైన మిషన్ కొనాలని చాలామంది అనుకుంటారు. అదేం కాదు. మడ అడవిలో ఒక పద్ధతి, లోతు సముద్రంలో ఇంకోటి తప్పదు. పోల్చే చోట్ల మాత్రం జల్లెడ కన్ను, బురద తీసిన వైశాల్యం, ఎన్నిసార్లు తీశారన్నది ఒకటిగా ఉండాలి, రాసి పెట్టాలి. సన్న జల్లెడలో మిగిలినదాన్ని మళ్లీ 1 మిల్లీమీటరు జల్లెడ మీద వేసి పోల్చుకోవచ్చు, ముతకదాంట్లో జారిపోయినవి మాత్రం తిరిగి రావు.