ప్రెయిరీ డాగ్‌ల వేటకు ఏ తూటా?

ప్రశ్న: నేను అమెరికాలోని టెక్సస్‌లో ఉంటున్నాను. పచ్చిక బీళ్లలో బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్‌లను (ఉడుత జాతి జంతువులు), అనుమతి ఉన్న చోట, దూరం నుంచి కొట్టేందుకు తేలికపాటి గుండ్లు వాడే రైఫిల్ కొనాలనుకుంటున్నాను. తూటా రకాల్లో .204 రూగర్ మేలా, .223 రెమింగ్టన్ మేలా?

జవాబు: మీరు 32 నుంచి 40 గ్రెయిన్ల (గుండు బరువును కొలిచే చిన్న ప్రమాణం) గుండ్లకే పరిమితమయ్యేటట్లయితే .204 రూగర్ తీసుకోండి. హార్నడీ, రూగర్ సంస్థలు కలిసి 2004లో తెచ్చిన ఈ తూటా 40 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 3,900 అడుగుల వేగంతో పంపుతుంది. .223లో అదే బరువు గుండు వేగం దీనికి కొంచెం తక్కువే. అయితే అసలు తేడా వేగంలో కాదు, గుండు ఆకారంలో ఉంది. ఒకే బరువైనా .204 గుండు సన్నగా, పొడవుగా ఉంటుంది కనుక గాలిని తేలికగా చీల్చుకుపోతుంది; 40 గ్రెయిన్ల హార్నడీ వి-మ్యాక్స్ గుండ్లనే పోల్చితే, దీని బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (గాలిని చీల్చుకుపోయే సామర్థ్యాన్ని చెప్పే సంఖ్య; ఎక్కువైతే మేలు) .275 కాగా .223లో వాడే గుండుది .200 మాత్రమే. పక్కగాలి వీచే మైదానంలో, 300 గజాల అవతల, ఈ వ్యత్యాసం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా పేల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్ను తక్కువ కావడం వల్ల, గుండు ఎక్కడ తగిలిందో స్కోపులోనే చూసుకోవచ్చు (నా మటుకు నాకు పెద్ద సౌకర్యం ఇదే).

తూటాల ఖర్చే ముఖ్యమనుకుంటే, లేదా రేపు కాయోటీల (తోడేలు లాంటి జంతువులు) కోసం 55 గ్రెయిన్ల గుండ్లు కూడా వాడాలనుకుంటే, ఏ దుకాణంలోనైనా దొరికే .223 వైపే మొగ్గండి. కాకపోతే గొట్టం ట్విస్టు (గుండును తిప్పే లోపలి గాళ్ల మెలిక) అడిగి తెలుసుకోండి: 7 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టంలో పలుచటి తొడుగున్న తేలిక గుండ్లు గాలిలోనే చిట్లిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, 9 లేదా 12 అంగుళాలది ఎంచుకోవడం మంచిది.