నలుగురి ప్రాజెక్టు, నాలుగో వారం గొడవ

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం, ఈసీఈ. మినీ ప్రాజెక్టుకి ఎనిమిది వారాల గడువు, బ్యాచ్‌లో నలుగురం. మట్టిలో తేమను బట్టి మోటారు దానంతటదే నడిచేలా ఆర్డుయినోతో (కోడు రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) చేస్తున్నాం. మూడు వారాలు బాగానే గడిచాయి. ఇప్పుడు కోడు రాసేవాడికీ, సర్క్యూట్ కట్టేవాడికీ మాటల్లేవు. మట్టి తడిగా ఉంటే మోటారు తిరుగుతోంది, ఎండితే ఆగుతోంది. తప్పు నీదంటే నీదంటున్నారు. బ్యాచ్ మార్చమని గైడుని అడగమంటారా?

జవాబు: అడగొద్దు, ముందు రిలే (మోటారుని ఆన్, ఆఫ్ చేసే విద్యుత్ స్విచ్చు) చూడండి. బజార్లో దొరికే రిలే మాడ్యూళ్లు చాలావరకు ఇన్‌పుట్ పిన్ను 'లో' (తక్కువ వోల్టేజి) అయినప్పుడు ఆన్ అవుతాయి. కోడు రాసినతను 'హై' (ఎక్కువ వోల్టేజి) ఇస్తే ఆన్ అనుకుని ఉంటాడు. అది కాకపోతే మట్టి తేమ కొలిచే సెన్సారు. మామూలు రకం సెన్సారులో మట్టి ఎండేకొద్దీ రీడింగు పెరుగుతుంది. తేమ ఎక్కువైతే అంకె పెరగాలనుకుని కోడు రాస్తే అంతా తలకిందులే. (ఈ రెండు పొరపాట్లూ కలిసి జరిగితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని మోటారు చక్కగా నడుస్తుంది. మీకు ఒకటే జరిగింది, అందుకే బయటపడింది.) విడివిడిగా చూస్తే ఇద్దరి పనీ సరైనదే. రెండు పనులూ కలిసేచోట ఎవరేమనుకున్నారో ఎక్కడా రాసుకోలేదు, అంతే.

జట్టు గొడవల గురించి క్లాసులో చెప్పేది 1965లో మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ రాసిన నాలుగు దశలు: చేరడం, ఘర్షణ పడడం, కట్టుబాట్లు కుదరడం, పని సాగడం. 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి విడిపోవడాన్ని ఐదోదిగా చేర్చారు. అయితే టక్‌మన్ చూసిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం మానసిక చికిత్స కోసం కలిసే బృందాలవి. గడువున్న ప్రాజెక్టుకి కొనీ గెర్సిక్ అనే పరిశోధకురాలు 1988లో చెప్పిందే దగ్గరగా ఉంటుంది. ఆమె 8 బృందాలను మొదటి నుంచి చివరిదాకా గమనించారు. మొదటి మీటింగులో పడిన పద్ధతే సగం గడువుదాకా సాగింది, సరిగ్గా సగం దగ్గర పాతది వదిలి కొత్త దారి పట్టారు. మీ ఎనిమిది వారాల్లో ఇది నాలుగోది, అంటే మీరిప్పుడు అక్కడే ఉన్నారు. ఈ వారం దాటితే మళ్లీ మార్చుకోవడం కష్టం.

ఒక గంటన్నర కూర్చోండి. ఒకే ఏ4 కాగితం మీద పిన్ను నంబరు, సిగ్నల్ ఎవరిస్తారు, ఎవరు తీసుకుంటారు, 'హై' అంటే ఏమిటి, 'లో' అంటే ఏమిటి రాయండి. మోటారుకి ఒక హద్దు చాలదు, రెండు కావాలి: ఉదాహరణకి రీడింగు 700 దాటితే ఆన్, 500 కిందికి దిగితే ఆఫ్. ఒకటే పెడితే ఆ అంకె దగ్గర రిలే టకటకా కొట్టుకుంటుంది. మోటారుకి పవర్ ఆర్డుయినో బోర్డు నుంచి కాకుండా విడిగా ఇవ్వండి. లేకపోతే మోటారు మొదలైనప్పుడల్లా బోర్డు రీసెట్ కావచ్చు, మళ్లీ 'నీ కోడే' అన్న గొడవ. మొదట ఎల్‌ఈడీతో, తర్వాత రిలేతో, చివర మోటారుతో పరీక్షించండి, ఇద్దరూ పక్కపక్కన ఉండి.

ప్రశ్న: మా నాలుగో మనిషి పీపీటీ రోజున మాత్రమే కనిపిస్తాడు. ఏం చేయాలి?

జవాబు: 'డాక్యుమెంటేషన్ చూసుకోరా' అని వదిలేశారా? అది పని అప్పజెప్పడం కాదు. తాడు లాగేటప్పుడు మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి లాగుడు తగ్గుతుందని ఫ్రెంచి ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ 1913లోనే ప్రచురించారు. బద్ధకం ఒక్కటే కాదు, అందరి లాగుడూ ఒకేసారి కుదరకపోవడం కూడా కారణమే. అతనికి విడిగా కనిపించే పని ఇవ్వండి: ఎండు, సగం తడి, పూర్తి తడి మట్టిలో పదేసి రీడింగులు, గురువారం సాయంత్రం ఐదింటికల్లా. పైన చెప్పిన రెండు హద్దులూ ఆ అంకెల నుంచే తేలాలి. రెండు గడువులు తప్పితే రివ్యూకి ముందే గైడుకి చెప్పండి. వైవా అయ్యాక చెబితే చాడీలా ఉంటుంది.