కొత్త టెలిస్కోపును మిత్రులకు చూపబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, నల్లగొండ నుంచి మామయ్య ఆశీస్సులు.

నీవు కొన్న డాబ్సోనియన్ టెలిస్కోపు, అంటే 150 మిల్లీమీటర్ల వ్యాసమున్న అద్దంతో కాంతిని పోగుచేసేది, దానితోపాటు తెప్పించుకున్న ఐపీసులు, అంటే కంటి దగ్గర అమర్చే కటకాలు, ఫోను బిగించే క్లాంపు క్షేమంగా పాలమూరు చేరాయని తెలిసి సంతోషించాను. వచ్చే కార్తీక అమావాస్య రాత్రి మిత్రులంతా డిండి వైపు కలుసుకుంటున్నారనీ, ఈ ఏడాది ఎవరెవరు ఏమేమి కొన్నారో అక్కడ ఒకరికొకరు చూపించుకుంటారనీ రాసి, నీ వస్తువు గురించి ఏమి చెప్పాలో, ఎలా చెప్పాలో అడిగావు. ఇలాంటి కూడికలకు చాలాకాలంగా వెళ్తున్నవాణ్ణి కనుక నాకు తెలిసినది రాస్తున్నాను. నీ మాట విని అక్కడున్నవారిలో ఒకరిద్దరు తమ జీతంలోంచి కూడబెట్టుకున్న డబ్బు ఖర్చు పెడతారు. మన దగ్గర టెలిస్కోపులను పక్కపక్కన పెట్టి, వాటిలోంచి చూసి ఎంచుకునే దుకాణాలు లేవు. మిత్రుడి మాటే దుకాణం. ఆ బాధ్యతను మనసులో ఉంచుకొని మాట్లాడమనడమే నా సలహా అంతా.

మొదట, ఇంకా సరిగ్గా వాడని వస్తువు గురించి తీర్పు చెప్పవద్దు. అంత దూరం లారీలో కుదుపులు తింటూ వచ్చిన డాబ్సోనియన్‌లో అద్దాల అమరిక ఎంతో కొంత కదిలే ఉంటుంది. దానిని సరిచేసుకోవడాన్ని కొలిమేషన్ అంటారు. ఐపీసు గొట్టానికి నడిమధ్య సన్నని రంధ్రమున్న మూత పెట్టి, అందులోంచి చూస్తూ మరలు తిప్పి, రెండు అద్దాలనూ ఒకే కేంద్రానికి తేవాలి. ఆ తరువాత ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని కొంచెం ఫోకస్ తప్పించి చూస్తే, వలయాలు ఒకదానిలో ఒకటి గుండ్రంగా కనిపించాలి. ఒక పక్కకు ఒరిగి ఉంటే పని ఇంకా మిగిలి ఉన్నట్టు. ఇది కాక, ఇంట్లోంచి బయటికి తెచ్చిన అద్దం చుట్టూ ఉన్న గాలితో సమానంగా చల్లబడటానికి కనీసం అరగంట పడుతుంది. ఈ రెండూ పట్టించుకోకుండా బొమ్మ మసకగా ఉందని చెప్పినవారి వల్ల మంచి టెలిస్కోపులకు చెడ్డపేరు రావడం నేను చాలాసార్లు చూశాను. కనుక అమావాస్యకు ముందే మీ మిద్దెపై కొన్ని రాత్రులు దానితో గడిపి, ఆ తరువాతే డిండికి బయలుదేరు.

ఎంత పెద్దగా చూపిస్తుందన్నది అందరూ ముందుగా అడిగే ప్రశ్న. చవక టెలిస్కోపుల పెట్టెల మీద ఐదు వందల రెట్లు, ఆరు వందల రెట్లు అని పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు కాబట్టి ఆ అంకె మీదే అందరి దృష్టీ ఉంటుంది. దానికి నీవిచ్చే జవాబు లెక్కతో సహా ఉండాలి. నీ టెలిస్కోపు నాభ్యంతరం, అంటే అద్దం నుంచి కాంతి ఒకచోట కలిసే బిందువు వరకు ఉన్న దూరం, 1200 మిల్లీమీటర్లు. దానిని ఐపీసు నాభ్యంతరంతో భాగిస్తే, 25 మిల్లీమీటర్ల ఐపీసుతో 48 రెట్లు, 10 మిల్లీమీటర్ల ఐపీసుతో 120 రెట్లు వస్తుంది. అద్దం వ్యాసంలో మిల్లీమీటరుకు రెండు రెట్ల చొప్పున, అంటే దాదాపు 300 రెట్ల దగ్గర దీనికి హద్దు వస్తుంది. గాలి నిలకడగా లేని రాత్రుల్లో ఆ హద్దు దరిదాపులకు కూడా వెళ్ళలేము. ఈ లెక్క ఒక్కసారి అర్థమైతే, పెట్టె మీది అంకెను చూసి మోసపోయే అవకాశం మీ బృందంలో ఎవరికీ ఉండదు.

చూసిన దానిని వర్ణించేటప్పుడు ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, ఏ ఐపీసుతో చూశావో తప్పకుండా కలిపి చెప్పు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా సాగినప్పుడు అమెరికా నుంచి శాస్త్రవేత్తలు వచ్చి మన నాగర్‌కర్నూలు దగ్గరి పాలెంలో సూర్యుడి కరోనాను, అంటే సూర్యుడి చుట్టూ వెలుగులా కనిపించే బయటి వాతావరణాన్ని, ఫోటో తీశారు. ఆ ఫోటోలు ఈనాటికీ పనికి వస్తున్నాయంటే కారణం, పరికరమూ స్థలమూ సమయమూ వాటితోపాటే నమోదై ఉండటం. మన పని అంత పెద్దది కాకపోయినా పద్ధతి అదే. శనిగ్రహాన్నే తీసుకో. 2025లో దాని వలయాలు అంచును భూమి వైపు తిప్పుకొని సన్నని గీతలా మారాయి. సుమారు పదిహేనేళ్ళకొకసారి అలా జరుగుతుంది, ఆ తరువాత ఏడాదికేడాది మళ్ళీ విచ్చుకుంటాయి. ఆ ఏడాది చూసినవాడు తేదీ చెప్పకుండా వలయాలు సరిగ్గా కనబడలేదని చెబితే, వినేవాడు ఆ లోపాన్ని టెలిస్కోపుకు అంటగడతాడు. బృహస్పతి విషయంలోనూ అంతే. అది పది గంటలలోపే తన చుట్టూ తాను తిరుగుతుంది కనుక, దాని మీది ఎర్రమచ్చ నీవు చూసిన వేళకు అవతలి వైపు ఉండి ఉండవచ్చు.

ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పడం ఇంతకంటే ముఖ్యం, దీనినే అందరూ మరిచిపోతారు. ఖగోళ ప్రియులు వాడే బోర్టల్ కొలబద్ద, 2001లో వచ్చినది, ఆకాశాన్ని ఒకటి నుంచి తొమ్మిది తరగతులుగా విభజిస్తుంది; ఒకటి మిక్కిలి చీకటి, తొమ్మిది మహానగరం నడిబొడ్డు. ఆ అంకె తెలియకపోయినా ఫరవాలేదు, కృత్తికలలో వట్టి కంటికి ఎన్ని చుక్కలు కనిపించాయో చెప్పినా చాలు. మా నల్లగొండలో గడియారం సెంటరు దగ్గర నిలబడి చూసిన ఆండ్రోమెడా గెలాక్సీ, అమ్రాబాద్ అడవి అంచున నిలబడి చూసిన ఆండ్రోమెడా ఒకటి కావు. డిండి దగ్గర నీ టెలిస్కోపు అద్భుతంగా చూపించిందని విని, పట్టణం మధ్య మూడో అంతస్తులో ఉండే మిత్రుడు అదే కొంటే, అతనికి నిరాశే మిగులుతుంది. అలాంటివాడికి చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు పట్టణంలో కూడా బాగా కనిపిస్తాయనీ, గెలాక్సీలూ, నెబ్యులాలనే వాయు మేఘాలూ కనిపించాలంటే ఊరు దాటాలనీ నీవే ముందుగా చెప్పాలి.

చూసే కన్ను కూడా పరికరంలో భాగమే. చీకట్లో యువకుల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల వరకు విప్పారుతుంది, నా వయసు వారిది సాధారణంగా ఐదు దగ్గరే ఆగిపోతుంది. 7×50 బైనాక్యులర్స్ అంటే ఏడు రెట్లు పెద్దగా చూపించేవి, ముందు కటకం 50 మిల్లీమీటర్లు ఉన్నవి; 50ని 7తో భాగిస్తే వాటి నుంచి వెలువడే కాంతిపుంజం వ్యాసం సుమారు ఏడు మిల్లీమీటర్లు కనుక అందులో కొంత కాంతి నాకు అందకుండానే పోతుంది. 10×50 అయితే ఐదే కనుక అంతా అందుతుంది. నీకు బాగున్నది పెద్దవారికి బాగుండకపోవచ్చుననీ, కళ్ళద్దాలు పెట్టుకునేవారు ఐపీసు నుంచి కంటిని కొంచెం దూరంగా ఉంచినా పూర్తి దృశ్యం కనిపిస్తుందో లేదో పరీక్షించుకొని కొనాలనీ చెప్పు.

ఫోను క్లాంపుతో తీసిన ఫోటోల విషయంలో మరింత నిజాయితీ అవసరం. మృగశిర దిగువన ఉన్న ఓరియన్ నెబ్యులా ఫోటోలో గులాబీ రంగులో వెలుగుతుంది. కంటికి మాత్రం బూడిద రంగు పొగలాగా, మహా అయితే లేత ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తుంది. ఎందుకంటే అంత తక్కువ వెలుతురులో మన కన్ను రంగులను గుర్తించలేదు, కెమెరా మాత్రం కాంతిని సెకన్ల తరబడి కూడబెట్టుకుంటుంది. ఫోటోను చూపించే ముందు మిత్రులను ఐపీసులోంచి చూడనివ్వు. ఎన్ని ఫోటోలను ఒకదానిపై ఒకటి చేర్చావో, రంగులను ఎంత పెంచావో ఫోటోతోపాటే చెప్పు. రంగుల బొమ్మను ఆశించి కొన్నవాళ్ళు నెల తిరగకుండానే టెలిస్కోపును అటక మీద పెట్టేస్తారు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మీ బృందంలో కొందరి దగ్గర చిన్న పరికరాలే ఉంటాయి. కొత్తది తెచ్చినవాడి చుట్టూ అందరూ చేరితే, వారు వెనక్కి తగ్గుతారు. అలా జరగనివ్వకు, దానికి తగిన కారణం కూడా ఉంది. కృత్తికల గుంపు ఆకాశంలో సుమారు రెండు డిగ్రీల మేర పరుచుకొని ఉంటుంది. నీ 25 మిల్లీమీటర్ల ఐపీసులో ఒక డిగ్రీకి మించి పట్టదు కాబట్టి అది ముక్కలుగానే కనిపిస్తుంది. అదే 10×50 బైనాక్యులర్స్‌లో గుంపు మొత్తం చుట్టూ ఉన్న చీకటితో సహా ఇమిడిపోతుంది. అందుకే కృత్తికలను చూపించే పని ఆ బైనాక్యులర్స్ యజమానికి అప్పగించు, నీవు కూడా వరుసలో నిలబడి చూడు. ధర సంగతి ఎవరైనా అడిగితే దాచవద్దు. రవాణా ఖర్చుతో కలిపి ఎంతయిందో, ఏ నెలలో కొన్నావో చెప్పు. అమ్మినవారు నీకు తగ్గింపు ఇచ్చి ఉంటే అది కూడా చెప్పు. అడగకుండా మాత్రం ధరతో మాట మొదలుపెట్టకు.

ఈ టెలిస్కోపుకు పేరిచ్చిన జాన్ డాబ్సన్ శాన్ ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో సన్న్యాసిగా ఉన్నవాడు. పనికిరాని గాజు పలకలను తానే అరగదీసి అద్దాలు చేసి, 1968లో అక్కడి మిత్రులతో ఒక బృందంగా ఏర్పడి, వీధి పక్కన నిలబడి దారిన పోయేవారందరికీ ఆకాశాన్ని చూపించాడు. అలా పదిమందికి చూపించడానికి పుట్టిన పరికరం కనుక, నీది కూడా పదిమంది చేతుల్లో పడనివ్వు. కాకపోతే మోటారు లేని పరికరం కాబట్టి భూమి తిరిగే కొద్దీ దృశ్యం జారిపోతుంటుంది. 48 రెట్ల దగ్గర గ్రహం ఒక అంచు నుంచి మరో అంచుకు వెళ్ళడానికి సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది, 120 రెట్ల దగ్గర రెండు నిమిషాలు కూడా పట్టదు. గుంపుకు చూపించేటప్పుడు తక్కువ రెట్ల ఐపీసే వాడు, ఇద్దరు చూసిన ప్రతిసారీ గురి సరిచూసుకో. పిల్లల కోసం ఒక పీట పెట్టు. ఎర్రని కాగితం చుట్టిన టార్చి తప్ప వేరే వెలుతురు రానివ్వకు. చీకటికి అలవాటు పడటానికి కంటికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. కార్తీకంలో మంచు బాగా కురుస్తుంది కనుక వాడని ఐపీసులను జేబులో వెచ్చగా ఉంచుకో, మంచు పట్టిన గాజును చేతిగుడ్డతో మాత్రం తుడవకు.

సూర్యుడి విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగవద్దు. పాత టెలిస్కోపులతో ఐపీసుకు బిగించే చిన్న నల్లని సూర్య ఫిల్టర్లు ఇచ్చేవారు. అవి వేడికి పగిలి క్షణంలో చూపును పోగొట్టగలవు. అలాంటిది ఎవరైనా తెస్తే అందరి ముందే వాడవద్దని చెప్పు. గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పే ఫిల్టరు లేనిదే, తెల్లవారిన తరువాత టెలిస్కోపుకు మూత తీయకు.

ఎవరైనా నాలుగు రోజులు వాడుకుంటామని ఐపీసు అడిగితే ఇవ్వు, ఎవరికి ఎప్పుడు ఇచ్చావో నోటు పుస్తకంలో రాసుకో. మిద్దెపై చూసినవి కూడా అదే పుస్తకంలో తేదీలతో రాసి, అమావాస్యకు వారం ముందు నాకు పంపు. డిండిలో ముందుగా దేనిని చూపిస్తే బాగుంటుందో వాటిని చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య