ముఖం లేని నాణెం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో నిజాం కాలపు నాణేలు కొన్ని దొరికాయి. వాటి మీద చార్మినార్ ఉంది కానీ రాజుగారి బొమ్మ లేదు. హిట్లర్, స్టాలిన్, మావోల పటాలు మాత్రం ఆయా దేశాల్లో ఏ గోడ చూసినా ఉండేవని చదివాను. రాజుకు అక్కరలేని పటం నియంతకు ఎందుకు కావలసి వచ్చింది? చదువుకున్నవాళ్ళు సైతం ఆ బొమ్మలు చూసి మోసపోయారా?
– ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: మీ ఉత్తరం చదివాక నా దగ్గరున్న హాలీ సిక్కా రూపాయిని బయటికి తీసి భూతద్దం కింద పెట్టి చూశాను. మీరూ ఒకసారి చూడండి. చార్మినార్ నడిమి కమానులో వంకర గీతలాంటిది కనిపిస్తుంది. అది ‘ఐన్’ అనే అక్షరం, ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటిది. అంతకు ముందు ఏలిన మహబూబ్ అలీఖాన్ నాణేల మీద అదే చోట ‘మీమ్’ ఉండేది. వెనకవైపు ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అన్న నగర బిరుదు, ప్రభువు గద్దెనెక్కిన నాటి నుంచి లెక్కించిన సంవత్సరం ఉంటాయి. 1937లో రజతోత్సవానికి వేసిన తపాలా బిళ్ళల మీద కూడా యునానీ దవాఖానా, ఉస్మానియా దవాఖానా, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు కనిపిస్తాయే తప్ప ప్రభువు ముఖం కనిపించదు. ప్రాణుల బొమ్మల పట్ల ఇస్లాంలో ఉన్న అభ్యంతరం ఇందుకు ఒక కారణం కావచ్చు. అయితే మొగలు పాదుషా జహంగీర్ తన రూపంతోనే నాణేలు వేయించాడు, ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ ఎన్నో ఫోటోలు తీశాడు కనుక, ఆ కారణం ఒక్కటే సరిపోదు.

అసలు సంగతి ఏమిటంటే, పుట్టుకతో గద్దె దక్కినవాడికి జనం తనను ప్రేమిస్తున్నారో లేదో రోజూ తెలుసుకోవలసిన పని లేదు. తెలంగాణ పల్లెలో వెట్టి చేసిన మనిషికి నిజాం ముఖం ఎలా ఉంటుందో తెలియకుండానే జీవితం గడిచిపోయేది. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనిపించుకోవడానికి పటం అక్కరలేదు, దొర గడి గుమ్మం చాలు. నియంత పరిస్థితి వేరు. అతడు నిన్నటి దాకా ఎవరికీ తెలియని మనిషి, ‘నేనే ప్రజలను, ప్రజలే నేను’ అని చెప్పుకుని పైకి వచ్చినవాడు. అలా చెప్పుకున్నాక, ఆ ప్రజలు తనతోనే ఉన్నారని ప్రతి పూటా కనబడేటట్టు చూసుకోక తప్పదు. హిట్లర్ 1920ల నడుమ తన ఫోటోగ్రాఫర్ హైన్రిక్ హోఫ్‌మన్ ఎదుట నిలబడి, ఉపన్యాసంలో చెయ్యి ఎలా ఎత్తాలో, పిడికిలి ఎప్పుడు బిగించాలో ఒక్కొక్క భంగిమా పట్టి సాధన చేశాడు. ఆ ఫోటోలను తాను చూసుకున్నాక ధ్వంసం చేయమన్నాడు, హోఫ్‌మన్ చేయలేదు. మన సురభి నాటకాల వాళ్ళు అద్దం ముందు చేసే సాధన లాంటిదే అది, కాకపోతే నాటకం అయ్యాక వాళ్ళు రంగు కడిగేసుకుంటారు.

ఇక మోసపోయారా అన్న ప్రశ్న. కొందరు మనసారా నమ్మారు, కాదనలేము. కానీ పటం చేసే పెద్ద పని నమ్మించడం కాదని నా అభిప్రాయం. నమ్మినవాడు, నమ్మనివాడు ఒకే తీరుగా ప్రవర్తించేటట్టు చేయడమూ, దాంతో నమ్మనివాడికి తాను ఒంటరినన్న భావన కలిగించడమూ దాని అసలు పని. రెండు ఉదంతాలు చెబుతాను.

మొదటిది సోవియట్ దేశానిది. స్టాలిన్ రహస్య పోలీసు అధిపతి యెజోవ్‌ను 1940లో కాల్చి చంపాక, కాలువ గట్టు మీద స్టాలిన్ పక్కన అతడు నిలబడి ఉన్న ఫోటోలో అతడి స్థానంలో నీళ్ళు చిత్రించారు. ఇది చాలామందికి తెలిసిన కథే. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది దాని తరువాతి కథ. ఆ పదవిలోనే యెజోవ్ తరువాత కూర్చున్న బేరియా 1953లో, స్టాలిన్ చనిపోయిన కొన్ని నెలలకే, అరెస్టయ్యాడు, ఆ ఏడాది చివర ఉరుకులు పరుగుల మీద విచారించి చంపేశారు. అప్పటికే ఇళ్ళకు చేరిన సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వం సంపుటిలో అతడి మీద పెద్ద వ్యాసం, నిండు పేజీ ఫోటో ఉన్నాయి. చందాదారులకు తపాలాలో కొత్త కాగితాలు వచ్చాయి. ఫలానా పేజీలను కత్తెరతోనో బ్లేడుతోనో కోసి తీసేసి, వాటి స్థానంలో ఇవి అతికించుకోమని సూచన. ఆ కొత్త కాగితాల నిండా బేరింగ్ సముద్రం గురించిన సమాచారం! అక్షరక్రమంలో బేరియాకు దగ్గరగా వచ్చే పేరు గనుక ఆ సముద్రానికి అంత భాగ్యం కలిగింది. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, పిల్లలు చూస్తుండగా ఆ పేజీ కోస్తున్న ఉపాధ్యాయుణ్ణి ఊహించుకోండి. బేరియా మంచివాడా చెడ్డవాడా అని అతణ్ణి ఎవరూ అడగలేదు. బ్లేడు మాత్రం అతడి చేతిలోనే పెట్టారు.

రెండవది చైనాలోని మామిడిపండ్ల కథ. 1968 ఆగస్టులో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి మావోకు మామిడిపండ్ల పెట్టె కానుకగా ఇచ్చాడు. మావో వాటిని తాను తినకుండా, సింగ్‌హువా విశ్వవిద్యాలయంలో కొట్టుకు చస్తున్న రెడ్‌గార్డ్ విద్యార్థులను (మావో పేరు మీద దళాలు కట్టిన యువకులను) అదుపు చేయడానికి వెళ్ళిన కార్మిక బృందాలకు పంపాడు. అక్కడి నుంచి అవి ఒక్కొక్కటిగా ఫ్యాక్టరీలకు చేరాయి. బీజింగ్ కార్మికుల్లో చాలామంది అప్పటిదాకా మామిడిపండు చూసి ఎరుగరు. ఒక బట్టల మిల్లులో పండుకు మైనం పూత పూసి వేదిక మీద పెట్టి, వరుసగా నడుస్తూ వంగి నమస్కరించారు. పూత కింద పండు కుళ్ళడం మొదలుపెట్టాక గుజ్జు తీసి పెద్ద పాత్రలో నీళ్ళతో మరగబెట్టి తలా ఒక చెంచా తాగారు. పోయిన పండు స్థానంలో మైనపు పండు వచ్చింది. గాజు పెట్టెల్లో మైనపు మామిడిపండ్లు ఊరూరా తిరిగాయి, ఎనామిల్ మగ్గుల మీద, దుప్పట్ల మీద మామిడి బొమ్మలు వెలిశాయి, అక్టోబరు ఒకటి ఊరేగింపులో మామిడిపండ్ల శకటమే నడిచింది. ఏటా వేసవిలో పరకల లెక్కన పండ్లు తెచ్చుకుని టెంక కూడా వదలని మనకు ఇది నవ్వు తెప్పించవచ్చు. కానీ ఆ పండు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది చూడండి. నిన్నటి దాకా ముద్దుబిడ్డలైన విద్యార్థుల పని అయిపోయిందనీ, ఇకపై పెత్తనం కార్మిక బృందాలదనీ ఆ పండు ఒక్క మాటా లేకుండా దేశమంతటికీ చెప్పింది. అది పూజా వస్తువు వేషంలో తిరిగిన ఫర్మానా. రెండేళ్ళు తిరక్కుండానే ఆ మైనపు పండ్లను పట్టించుకునేవాళ్ళు లేకపోయారు.

ప్రశ్న: తుపాకీ, జైలు చేతిలో ఉండగా నియంతకు సిద్ధాంతంతో పని ఏముంది? అదంతా పైపై మెరుగేనా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, తుపాకీ తనంతట తాను పేలదు. దానిని పట్టుకున్న సిపాయి ఉన్నాడు, జాబితా టైపు చేసే గుమాస్తా ఉన్నాడు, రైలు నడిపే డ్రైవరు ఉన్నాడు. పాలితులు ఎప్పుడూ ఎక్కువమంది, పాలకులు కొద్దిమంది, కనుక ప్రభుత్వాలన్నీ చివరికి నిలిచేది జనాభిప్రాయం మీదనే అని 18వ శతాబ్దంలోనే తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ గమనించాడు. ఆ సిపాయికీ గుమాస్తాకూ రాత్రి నిద్రపట్టేటట్టు చేసేదే సిద్ధాంతం. తాను చేసేది పొరుగువాడిని పట్టివ్వడం కాదనీ, జాతిని శుభ్రపరచడమో, వర్గశత్రువును ఏరివేయడమో అనీ చెప్పుకోవడానికి అది మాటలు అందిస్తుంది. ఆ మాటలు ఇంటింటికీ చేరాలి గనుకనే 1933లో నాజీ ప్రభుత్వం 76 మార్కులకు చవక రేడియో తయారు చేయించింది. ‘విఇ 301’ అన్న దాని పేరులోని అంకెలు హిట్లర్ అధికారానికి వచ్చిన జనవరి 30ను గుర్తుచేసేవి. 1939లో యుద్ధం మొదలుకాగానే అదే రేడియోలో విదేశీ స్టేషన్లు వినడం నేరమైంది.

మన ఊరి సంగతే తీసుకోండి. ముఖం లేని నాణెంతో, పేరుతో, బిరుదులతో నడిచిన నిజాం రాజ్యానికి చివరి రోజుల్లో ఆ పాత మర్యాద ఒక్కటే చాలలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు భావజాలాన్నీ కవాతునూ తెచ్చిపెట్టారు. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్, సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు, హైదరాబాదులో రాత్రివేళ హత్యకు గురయ్యాడు. ఆయన ముస్లిం. సిద్ధాంతం ఎవరి పేరు మీద మాట్లాడుతుందో, వారిలోంచి వచ్చే ఒక్క భిన్న స్వరం దానికి శత్రువుల పదివేల స్వరాలకన్నా ప్రమాదకరం. వచ్చే నెలలోనే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు.

అయితే మాటల బలానికి ఒక హద్దు ఉంది. 2002 అక్టోబరులో ఇరాక్‌లో జరిగిన రెఫరెండంలో 1,14,45,638 మంది ఓటర్లు ఉండగా, అంతమందీ సద్దాం హుస్సేన్‌కే ఓటు వేశారని ప్రకటించారు. చనిపోయినవాడు, జ్వరపడినవాడు ఒక్కడూ లేడు! ఈ లెక్కను నమ్మమని ఎవరూ అడగలేదు, నవ్వకుండా వినమన్నారు, అంతే. అటువంటి చోట ఒక్కరు బయటపడి నవ్వితే ఏమవుతుందో రుమేనియా చూసింది. 1989 డిసెంబరు 21న ఆ దేశపు నియంత చౌషెస్కూ రాజధాని బుఖారెస్ట్‌లో పార్టీ కార్యాలయం బాల్కనీ నుంచి మాట్లాడుతున్నాడు. పటాలు, ప్లకార్డులు చేతికిచ్చి పార్టీయే తోలుకొచ్చిన జనం కింద ఉన్నారు. ఆ గుంపులోంచి కేకలు లేచాయి. గాలిలోకి లేచిన అతడి చెయ్యి అక్కడే ఆగిపోయింది, ముఖంలో అయోమయం. ప్రత్యక్ష ప్రసారం కావడంతో దేశమంతా ఆ ముఖాన్ని చూసింది. మర్నాడు అదే భవనం పైకప్పు మీది నుంచి హెలికాప్టరులో పారిపోయాడు, 25న కాల్చి చంపారు. తక్కినవాళ్ళూ నమ్మడం లేదని జనానికి ఒకరి గురించి ఒకరికి తెలియడానికి కొద్ది నిమిషాలే పట్టింది.

ప్రశ్న: మన నగరంలో ఏ కూడలి చూసినా నాయకుల ఫ్లెక్సీలే. మనమూ అదే దారిలో ఉన్నామా?
– ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఫ్లెక్సీలు నాకూ చిరాకే, మలుపులో ఎదురు వచ్చే బస్సు కనిపించదు. కానీ మీరు చూడవలసింది ఎన్ని ఉన్నాయని కాదు. ఆ పక్క స్తంభానికి ఎదుటి పార్టీవాడి ఫ్లెక్సీ వేలాడుతోందా, దానిని కట్టినవాడు సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాడా అని చూడండి. ఉత్తర కొరియాలో నాయకుడి ఫోటో ఉన్న దినపత్రికను ఆ ముఖం మీదుగా మడత పెట్టడమే తప్పు. మా వీధి చివర మిర్చిబజ్జీల బండికి వానలో కప్పే ఫ్లెక్సీ మీద పోయిన ఎన్నికల అభ్యర్థి ఒకాయన తలకిందులుగా నమస్కారం పెడుతుంటాడు. బండి యజమానిని ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు.

అంతమాత్రాన ధైర్యంగా ఉండమని నేను అనడం లేదు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ విధించిన మూడో రోజున ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకీయం స్థానాన్ని ఖాళీగా వదిలి అచ్చువేసింది. ‘ఇందిరే ఇండియా, ఇండియాయే ఇందిర’ అని కాంగ్రెస్ అధ్యక్షుడు డి.కె.బారువా అన్నది ఆ కాలపు మాటే. సెన్సారు దాటి వచ్చిన వార్తలే చదువుకున్న మనం 1977 మార్చిలో ఓటు వేశాము. ఉత్తరాదిన ఇందిరాగాంధీ తన సొంత స్థానమే పోగొట్టుకున్న ఆ ఎన్నికల్లో, ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల.